రష్యాలో పుట్టారు.. స్లొవేకియాకు 3 గోల్డ్ మెడల్స్ తెచ్చారు! జట్టు మారిన బయాథ్లాన్ క్వీన్ కుజ్మినా కథ ఏంటి?

సొంత దేశం జెర్సీ వేసుకుని ఒలింపిక్స్‌లో దిగాలన్నది ఏ క్రీడాకారిణికైనా కల. మరి ఆ సొంత దేశం జట్టులోనే చోటు దొరక్కపోతే? అప్పుడే బిడ్డ పుట్టి, 'ఇక ఈమె కెరీర్ అయిపోయినట్టే' అని చుట్టూ ఉన్నవాళ్లు అనుకుంటుంటే?

చాలామంది అక్కడితో ఆపేస్తారు. అనస్తాసియా కుజ్మినా మాత్రం ఆపలేదు. దేశం మారారు, జట్టు మారారు. ఆ తర్వాత వరుసగా 3 ఒలింపిక్స్‌లో గోల్డ్ కొట్టారు. అందులో ఒకటి తాను పుట్టిన రష్యా గడ్డ మీదే!

ఇంతకీ ఎవరీ కుజ్మినా? ఎందుకు దేశం మారారు? అలా మారడానికి రూల్స్ ఒప్పుకుంటాయా? వివరంగా చూద్దాం.

ముందు అసలు బయాథ్లాన్ అంటే ఏంటి?

మన దగ్గర ఈ ఆట గురించి తెలిసినవాళ్లు తక్కువే. మంచు కురిసే దేశాల్లో మాత్రం దీనికి మామూలు క్రేజ్ లేదు. యూరప్‌లో చలికాలం వస్తే జనం టీవీలకు అతుక్కుపోయి చూసే ఆటల్లో ఇదొకటి.

రెండు పూర్తి భిన్నమైన పనులను కలిపితే బయాథ్లాన్. ఒకటి, వీపుకి రైఫిల్ తగిలించుకుని మంచులో కిలోమీటర్ల కొద్దీ స్కీయింగ్ చేయడం. రెండు, మధ్యమధ్యలో ఆగి 50 మీటర్ల దూరంలోని టార్గెట్లను కాల్చడం. 50 మీటర్లంటే దాదాపు రెండున్నర క్రికెట్ పిచ్‌ల దూరం. ఆ రైఫిల్ కనీసం మూడున్నర కిలోల బరువుంటుంది.

పడుకుని కాల్చేటప్పుడు టార్గెట్ సైజు 4.5 సెంటీమీటర్లే. టేబుల్ టెన్నిస్ బంతి కంటే కాస్త పెద్దది, అంతే. నిలబడి కాల్చేటప్పుడు 11.5 సెంటీమీటర్లు, అంటే సుమారుగా ఒక సీడీ అంత. ప్రతిసారీ ఐదు టార్గెట్లుంటాయి.

వినడానికి ఈజీగానే ఉంటుంది. కానీ గుండె దడదడలాడుతూ, ఊపిరి అందని స్థితిలో వచ్చి ఒక్కసారిగా చేతిని కదలకుండా నిలపాలి. అసలు కష్టం అక్కడే ఉంది.

స్ప్రింట్, పర్స్యూట్, మాస్ స్టార్ట్ రేసుల్లో గురి తప్పితే 150 మీటర్ల పెనాల్టీ లూప్ అదనంగా తిరగాలి. ఒక్కో తప్పుకి 20 సెకన్లకు పైగా పోతాయి. ఇండివిడ్యువల్ అనే రేసులో అయితే తప్పుకి ఒక నిమిషం చొప్పున టైమ్‌కి కలిపేస్తారు. ఒక్క బుల్లెట్‌తో మెడల్ చేజారడం ఈ ఆటలో మామూలే.

త్యుమెన్ అమ్మాయి

కుజ్మినా 1984 ఆగస్టు 28న సైబీరియాలోని త్యుమెన్‌లో పుట్టారు. అప్పటి ఇంటి పేరు షిపులినా. బయాథ్లాన్‌కి మంచి పేరున్న నగరమది. ఆమె తమ్ముడు ఆంటన్ షిపులిన్ కూడా అదే ఆటలోకి వచ్చి, తర్వాత రష్యా జట్టులో స్టార్ అయ్యాడు. అక్కాతమ్ముళ్లిద్దరూ వరల్డ్ క్లాస్ బయాథ్లెట్లన్నమాట.

జూనియర్ స్థాయిలో ఆమె రష్యా తరఫునే ఆడారు, మెడల్స్ కూడా సాధించారు. అంతా అనుకున్నట్టు జరిగి ఉంటే సీనియర్ జట్టులోనూ రష్యా జెర్సీలోనే కనిపించేవారు.

ఆ తర్వాత స్కీయర్ డేనియల్ కుజ్మిన్‌తో పెళ్లయింది. 2007లో కొడుకు పుట్టాడు. కథ మలుపు తిరిగింది ఇక్కడే.

తల్లయ్యాక ఏం జరిగింది?

బయాథ్లాన్‌లో టాప్ జట్లు నెలల తరబడి ట్రైనింగ్ క్యాంపుల్లోనే ఉంటాయి. ఒక దేశంలో మంచు కరిగితే ఇంకో దేశం. ఒక క్యాంపు ముగిస్తే ఇంకో క్యాంపు. పాలు తాగే బిడ్డ ఉన్న తల్లికి అది ఎంత కష్టమో వేరే చెప్పక్కర్లేదు.

దానికి తోడు రష్యా జట్టులో పోటీ మామూలుగా ఉండేది కాదు. ఒలింపిక్స్‌లో ఒక్కో వ్యక్తిగత రేసులో ఒక దేశం నుంచి గరిష్ఠంగా నలుగురికే ఛాన్స్. రష్యా, జర్మనీ, నార్వే లాంటి దేశాల్లో ఆ నాలుగు బెర్తుల కోసం పెద్ద క్యూనే ఉంటుంది. ఏడాది పాటు ఆటకు దూరమైన అమ్మాయి, అదీ చంటిబిడ్డ తల్లి, ఆ క్యూలో ఎక్కడ నిలబడుతుంది?

రష్యా ప్రణాళికల్లో కుజ్మినాకు చోటు దక్కలేదు. బిడ్డను వదిలేసి క్యాంపులకు వెళ్లడం ఆమెకు కుదరని పని. ఆట వదిలేయడం కూడా ఇష్టం లేదు.

ఆ టైమ్‌లో తెరుచుకున్న తలుపే స్లొవేకియా. కుటుంబం ఆ దేశంలోని బాన్స్కా బిస్ట్రిట్సా అనే పట్టణానికి మకాం మార్చింది. కుటుంబానికి దగ్గరగా ఉంటూనే ట్రైనింగ్ చేసుకునే వీలు అక్కడ దొరికింది. 2008 డిసెంబర్‌లో ఆమెకు స్లొవేకియా పౌరసత్వం వచ్చింది. తర్వాతి రోజుల్లో భర్తే ఆమెకు కోచ్ కూడా అయ్యారు.

మన మాటల్లో చెప్పాలంటే పుట్టిల్లు ఒకటి, అక్కున చేర్చుకున్న ఇల్లు ఇంకొకటి.

ఇలా మారడానికి రూల్స్ ఒప్పుకుంటాయా?

ఒప్పుకుంటాయి. కాకపోతే ఇవాళ ఒక జెర్సీ, రేపు ఇంకో జెర్సీ అంటే కుదరదు.

ముందుగా కొత్త దేశం పౌరసత్వం ఉండాలి. పాత దేశం తరఫున ఒలింపిక్స్‌లోనో, ప్రపంచ స్థాయి ఛాంపియన్‌షిప్‌లోనో ఆడి ఉంటే.. అలా చివరిసారి ఆడిన రోజు నుంచి కనీసం 3 ఏళ్లు గడిచాకే కొత్త దేశం తరఫున ఒలింపిక్స్‌లో దిగాలి. ఒలింపిక్ చార్టర్‌లోని మాట ఇది.

అయితే దీనికో వెసులుబాటు ఉంది. సంబంధిత దేశాల ఒలింపిక్ కమిటీలు, ఆ ఆట అంతర్జాతీయ సమాఖ్య సరేనంటే ఐఓసీ ఆ గడువును తగ్గించవచ్చు, పూర్తిగా ఎత్తేయవచ్చు కూడా. అంటే పాత దేశం 'వెళ్లిరా' అంటే పని త్వరగా అవుతుంది. 'ఊహూ' అంటే ఆగాల్సిందే. క్రీడాకారుల వయసు, ఫామ్ మాత్రం ఎవరి కోసమూ ఆగవు. అందుకే చాలా కెరీర్‌లు ఈ గ్యాప్‌లోనే నలిగిపోతుంటాయి.

రెండు నెలల్లోనే మెడల్!

పౌరసత్వం వచ్చిన రెండు నెలలకే, అంటే 2009 ఫిబ్రవరిలో దక్షిణ కొరియాలోని ప్యాంగ్‌చాంగ్‌లో వరల్డ్ ఛాంపియన్‌షిప్స్ జరిగాయి. మాస్ స్టార్ట్ రేసులో కుజ్మినాకు సిల్వర్! గోల్డ్ ఎవరికి వచ్చిందో తెలుసా? రష్యాకు చెందిన ఓల్గా జైత్సెవాకి. పాత జట్టు ఒక మెట్టు పైన, ఆమె పక్కనే కింద. ఈ ప్యాంగ్‌చాంగ్ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

ఏడాది తిరిగేసరికి 2010 వాంకోవర్ వింటర్ ఒలింపిక్స్. ఫిబ్రవరి 13న మహిళల 7.5 కిలోమీటర్ల స్ప్రింట్. జర్మనీ స్టార్ మాగ్డలెనా నాయ్నర్ హాట్ ఫేవరెట్. స్ప్రింట్‌లో అందరూ ఒకేసారి బయల్దేరరు, 30 సెకన్లకు ఒకరు చొప్పున వెళ్తారు. అందుకే చివరి వరకూ ఎవరు గెలిచారో తేలదు.

తేలేసరికి టైమ్ బోర్డు మీద టాప్‌లో ఉన్న పేరు కుజ్మినా. నాయ్నర్ కంటే కేవలం 1.5 సెకన్లు ముందు! 20 నిమిషాల రేసులో తేడా సెకన్నర.. అంటే షూటింగ్ దగ్గర ఒక్క శ్వాస ఎక్కువ తీసుకున్నా గోల్డ్ పోయేదే.

ఆ గోల్డ్ ఎందుకంత స్పెషల్ అంటే.. 1993లో చెకోస్లొవేకియా రెండుగా విడిపోయి స్లొవేకియా ఏర్పడింది. అప్పటి నుంచి ఆ దేశానికి వింటర్ ఒలింపిక్స్‌లో ఒక్క గోల్డ్ కూడా లేదు. 2006లో స్నోబోర్డర్ రాడోస్లావ్ జిడెక్ తెచ్చిన సిల్వరే పెద్దది. సుమారు 54 లక్షల జనాభా ఉన్న ఆ చిన్న దేశానికి మొదటి వింటర్ గోల్డ్ తెచ్చింది.. సుమారు 14 నెలల కిందటి వరకు ఆ దేశ పౌరురాలు కూడా కాని ఒక తల్లి.

అదే రేసులో ఇంకో విశేషం ఉంది. నాలుగో స్థానంలో నిలిచి కొద్దిలో మెడల్ పోగొట్టుకుంది రష్యా అమ్మాయి అన్నా బులిగినా. ఆమె పేరు కూడా గుర్తుంచుకోండి.

వాంకోవర్‌లోనే పర్స్యూట్ రేసులో కుజ్మినాకు సిల్వర్ కూడా వచ్చింది. ఈసారి గోల్డ్ నాయ్నర్‌ది.

పుట్టిన దేశంలో.. వేరే జెండా కింద

2014 వింటర్ ఒలింపిక్స్ ఎక్కడ జరిగాయి? రష్యాలోని సోచీలో. కుజ్మినాకు అది అసలైన పరీక్ష.

స్టాండ్స్‌లో రష్యా అభిమానులు. వాళ్ల భాష ఆమె మాతృభాషే. ట్రాక్ మీద పోటీ పడేది ఒకప్పుడు తనతో కలిసి ట్రైనింగ్ చేసిన తరం. తమ్ముడు షిపులిన్ ఆతిథ్య జట్టులో ఉన్నాడు. అక్క మాత్రం స్లొవేకియా జెర్సీలో.

ఫిబ్రవరి 9న మహిళల స్ప్రింట్. ఈసారి కుజ్మినా ఒక్క షాట్ కూడా మిస్ కాలేదు. 10కి 10! దాదాపు 20 సెకన్ల తేడాతో గోల్డ్. ఒలింపిక్స్ స్ప్రింట్ టైటిల్‌ని నిలబెట్టుకున్న మొదటి మహిళ ఆమే. ఇక రెండో స్థానంలో వచ్చింది ఎవరంటే.. రష్యాకు చెందిన ఓల్గా విలుఖినా.

ఆ రోజు రష్యా అభిమానుల మనసులో ఏం మెదిలి ఉంటుందో ఊహించడం కష్టమేం కాదు. మన అమ్మాయే గెలిచింది. కానీ మెడల్ మనది కాదు.

సోచీలో స్లొవేకియాకు మొత్తంగా వచ్చింది ఆ ఒక్క మెడలే.

షిపులిన్ కథ వేరేలా సాగింది. అదే సోచీలో అతడు ఉన్న రష్యా రిలే టీమ్ మొదటి స్థానంలో నిలిచింది. కానీ టీమ్‌లోని మరో ఆటగాడి డోపింగ్ కేసు కారణంగా ఏళ్ల తర్వాత ఆ ఫలితం రద్దైంది.

ప్యాంగ్‌చాంగ్‌లో లెక్క సరిచేశారు

2015లో కుజ్మినాకు కూతురు పుట్టింది. రెండోసారి బ్రేక్. మళ్లీ అదే ప్రశ్న: తిరిగి వస్తారా? ఈసారి మాత్రం జట్టులో చోటు ఉంటుందా లేదా అన్న టెన్షన్ లేదు. ఆమె కోసం స్లొవేకియా ఎదురుచూస్తోంది.

2018 వింటర్ ఒలింపిక్స్ జరిగింది ప్యాంగ్‌చాంగ్‌లో. అవును, 2009లో స్లొవేకియా తరఫున మొదటి పెద్ద మెడల్ వచ్చిన చోటే! పర్స్యూట్‌లో సిల్వర్. ఇండివిడ్యువల్‌లో సిల్వర్. ఇక ఫిబ్రవరి 17న 12.5 కిలోమీటర్ల మాస్ స్టార్ట్. 30 మంది ఒకేసారి బయల్దేరే రేసు. తొమ్మిదేళ్ల కిందట ఇదే చోట, ఇదే ఈవెంట్‌లో రష్యా అమ్మాయి వెనుక రెండో స్థానం. ఈసారి 18.8 సెకన్ల తేడాతో గోల్డ్!

ఆమె వెనుక సిల్వర్ అందుకున్నది బెలారస్ స్టార్ దార్యా డొమ్రచెవా. ఆమెదీ జట్టు మారిన కథే. దాని గురించి కింద చెప్పుకుందాం.

తమ్ముడు షిపులిన్ మాత్రం ఆ ఒలింపిక్స్‌లో లేడు. డోపింగ్ వివాదం నేపథ్యంలో రష్యా క్రీడాకారులకు ఐఓసీ ఆహ్వానాల పద్ధతి పెట్టింది. ఆ లిస్టులో అతడి పేరు రాలేదు. అక్క కొత్త దేశం తరఫున గోల్డ్ అందుకుంటుంటే, తమ్ముడికి పాత దేశం తరఫున స్టార్ట్ లైన్ దగ్గర నిలబడే ఛాన్సే దక్కలేదు.

ఒక్కసారి లెక్క చూడండి

2010, 2014, 2018.. ఈ మూడు వింటర్ ఒలింపిక్స్‌లో కలిపి స్లొవేకియాకు వచ్చిన మెడల్స్ 7.

అందులో కుజ్మినా ఒక్కరే తెచ్చినవి 6. మూడు గోల్డ్, మూడు సిల్వర్.

మిగిలిన ఆ ఒక్కటి 2010లో పావోల్ హురాయ్త్ తెచ్చిన బ్రాంజ్. అది కూడా బయాథ్లాన్‌లోనే.

2022 బీజింగ్‌లో స్కీయర్ పెత్రా వ్లోవా స్లాలోమ్ గోల్డ్ కొట్టేదాకా, స్లొవేకియా వింటర్ ఒలింపిక్స్ చరిత్రలో గోల్డ్ అంటే ఒక్కటే పేరు.. కుజ్మినా.

2017-18 సీజన్ వరల్డ్ కప్ ఓవరాల్ టైటిల్ మాత్రం కొద్దిలో చేజారింది. ఫిన్లాండ్‌కు చెందిన కైసా మకరైనెన్‌కు 822 పాయింట్లు, కుజ్మినాకు 819. తేడా మూడే మూడు పాయింట్లు! 2019లో స్వీడన్‌లోని ఓస్టర్‌సుండ్‌లో స్ప్రింట్ వరల్డ్ ఛాంపియన్ అయ్యారు. అప్పటికి ఆమె వయసు 34. అదే సీజన్ చివర్లో రిటైర్మెంట్ ప్రకటించారు.

జట్టు మారిన వాళ్లందరిదీ ఒకే కథా?

కాదు. 'జట్టు మారారు' అనే మాట ఒకటే అయినా వెనకున్న కారణాలు వేర్వేరు. బయాథ్లాన్‌లోనే మూడు రకాలు కనిపిస్తాయి.

1. పుట్టిన గడ్డకు తిరిగి వెళ్లినవాళ్లు: డొమ్రచెవా పుట్టింది బెలారస్ రాజధాని మిన్స్క్‌లో. చిన్నప్పుడే కుటుంబం సైబీరియాకు వెళ్లడంతో ఆట నేర్చుకున్నది రష్యాలో. జూనియర్‌గా కొంతకాలం రష్యా తరఫున ఆడి, 2004 నుంచి బెలారస్ జట్టులోకి మారారు. సోచీలో ఏకంగా 3 గోల్డ్ మెడల్స్ గెలిచారు.

2. ఆతిథ్య దేశం పిలిస్తే వెళ్లినవాళ్లు: 2018 ఒలింపిక్స్ కోసం దక్షిణ కొరియా పలువురు విదేశీ క్రీడాకారులకు పౌరసత్వం ఇచ్చింది. వాంకోవర్ స్ప్రింట్‌లో నాలుగో స్థానంలో నిలిచిన బులిగినా గుర్తుందా? పెళ్లి తర్వాత అన్నా ఫ్రోలినాగా మారి, ప్యాంగ్‌చాంగ్‌లో కొరియా తరఫున దిగారు. రష్యా నుంచే వెళ్లిన తిమోఫే లాప్షిన్ కూడా అంతే.

3. సొంత జట్టులో దారి మూసుకుపోయి వెళ్లినవాళ్లు: కుజ్మినాది ఈ కోవ. డబ్బు కోసమో, పాస్‌పోర్ట్ కోసమో కాదు. బిడ్డనూ ఆటనూ రెండింటినీ వదులుకోకుండా బతికే చోటు కోసం.

విమర్శలు కూడా ఉన్నాయి. 'పాస్‌పోర్ట్ కొనుక్కుని మెడల్స్ తెచ్చుకోవడం ఏంటి? స్థానిక పిల్లల ఛాన్స్ పోదా?' అని అడిగేవాళ్లున్నారు. అందులో న్యాయం లేకపోలేదు. ఒక టోర్నీ కోసం ఆటగాళ్లను తెచ్చి, అది అవగానే మర్చిపోతే ఆ దేశంలో ఆటకు ఒరిగేదేం ఉండదు. కానీ కుజ్మినా పదేళ్లు స్లొవేకియా జెర్సీలోనే ఉన్నారు. అక్కడే ఇల్లు కట్టుకుని, అక్కడే పిల్లల్ని పెంచారు. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టలేం.

మన దేశం సంగతేంటి?

భారత్ ద్వంద్వ పౌరసత్వాన్ని ఒప్పుకోదు. ఓసీఐ కార్డు ఉన్నా అది పౌరసత్వం కిందకి రాదు. భారత్ తరఫున ఆడాలంటే భారత పాస్‌పోర్ట్ ఉండాలన్నది కేంద్రం పెట్టుకున్న విధానం. అమెరికాలో, ఆస్ట్రేలియాలో పుట్టి అక్కడి పాస్‌పోర్ట్ ఉన్న మన తెలుగు పిల్లలకూ ఇదే రూల్. ఇండియా జెర్సీ వేసుకోవాలంటే ముందు ఆ దేశం పాస్‌పోర్ట్ వదులుకోవాలి. ఫుట్‌బాలర్ అరాతా ఇజుమి జపాన్ పౌరసత్వం వదులుకుని మరీ భారత్ తరఫున ఆడాడు. అంటే జట్టు మార్చడమంటే మన దగ్గర జెర్సీ ఒక్కటే కాదు, పాస్‌పోర్ట్ కూడా మారాల్సిందే.

చివరగా.. ఎవరు పోగొట్టుకున్నారు?

కుజ్మినా కథను 'దేశం మార్చిన అమ్మాయి'గా చెప్పేవాళ్లున్నారు. కానీ వరుసగా చూస్తే ఇంకో విషయం అర్థమవుతుంది. 2007లో ఆమెకు 23 ఏళ్లు. టాలెంట్ ఎక్కడికీ పోలేదు. ఆ తర్వాత వచ్చిన 6 ఒలింపిక్ మెడల్సే దానికి సాక్ష్యం. పోయిందల్లా ఆమె మీద నమ్మకం.

చంటిబిడ్డ తల్లి మళ్లీ టాప్‌కి వస్తుందని ఒక పెద్ద జట్టు నమ్మలేకపోయింది. ఒక చిన్న దేశం నమ్మింది. ఆ నమ్మకం ఖరీదు ఎంతో సోచీలో తేలిపోయింది. పుట్టిన దేశంలో, పుట్టిన దేశం అమ్మాయిని రెండో స్థానానికి నెట్టి ఆమె పోడియం ఎక్కారు. అప్పుడు ఎగిరింది స్లొవేకియా జెండా.

బిడ్డ పుట్టాక ఆట మానేస్తున్న అమ్మాయిలు మన దగ్గరా ఉన్నారు. వాళ్లలో ఎంతమంది నిజంగా ఆడలేక మానేస్తున్నారు? ఎంతమంది చోటు లేక మానేస్తున్నారు? కుజ్మినా కథ విన్నాక సెలెక్టర్లు, కోచ్‌లు, ఇంట్లోవాళ్లు ఒక్కసారి ఆలోచించాల్సిన ప్రశ్న ఇదే.